మిర్చి బస్తాలో పెన్సిల్ పూత

మా ఆడబిడ్డ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆమె మీద కోపంగా ఉన్నాను. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత రాసేదంతా అబద్ధంలా వినిపిస్తుంది.

ఆ పొద్దున ఆమె భద్రాచలం నుంచి వచ్చి ఖమ్మం బస్టాండులో దిగాలి. ఇద్దరం కలిసి మిర్చి యార్డుకు పోవాలి. యార్డుకు కొత్తగా వచ్చిన అధికారి ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లవాడు. ఎవరినీ ఏదీ అడగని నేను ఆయన ఆఫీసు మెట్లెక్కి, ఒక్క అరగంట మా మాట వినమని అడిగి వచ్చాను. చీర కట్టుకుని, గొడుగు పక్కన పెట్టుకుని, ఇంటి తాళం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆమె రాలేదు. ఎప్పటిలాగే బస్సు ఎక్కబోతూ ఎవరితోనో మాటల్లో పడి ఉంటుందనుకున్నాను. ఫోన్ మోగగానే ఎత్తి, "ఎక్కడ తిరుగుతున్నవే? ఆయన మనకోసం కూసుంటడా?" అని గట్టిగా అడిగాను.

అవతల ఆమె కాదు. ఆమె కిరాయికి ఉండే ఇంటి యజమానురాలు.

"నేనమ్మా. మేడమ్ లేరు. చాయ్ ఇద్దామని తలుపు కొడితే పలకలే. దవాఖానాకు తీస్కపోయేటాలకే అయిపోయింది" అంది.

నేను ఏమన్నానో గుర్తు లేదు. తాళం మాత్రం ఇంకా చేతిలోనే ఉంది. ఆ తాళమే వేసి, యార్డు మీదుగా కాకుండా వేరే దారిలో బస్టాండుకు పోయి భద్రాచలం బస్సెక్కాను.

ఆమె, ఎప్పుడో కాలం చేసిన నా భర్తకు చెల్లెలు. భద్రాచలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నాకు ఆడబిడ్డ, నా పిల్లలకు మేనత్త, భద్రాచలంలో సగం మందికి మేడమ్. ఈ మూడు పిలుపులతోనే ఆమెకు పని జరిగిపోయింది కనుక నేను కూడా పేరు రాయడం లేదు.

అర్ధమొగుడు ఆడబిడ్డ అంటారు మనవాళ్ళు. మా ఇంట్లో ఆమె చేసిన దొరతనమంతా పెన్సిళ్ళ మీదే. వచ్చిందంటే నా మనవరాలి డబ్బాలో పెన్సిల్ ఉండేది కాదు. మెత్తగా, నల్లగా రాసే పెన్సిల్ అయితే మరీ. కాగితం ఏదైనా ఆమెకు ఒకటే. క్యాలెండరు వెనుక, పెళ్ళిపత్రిక మీద, కిరాణా పొట్లం విప్పిన కాగితం మీద ఒక నల్ల పట్టీ రుద్దుతుంది. రెండు కొసలకు మీటరు తీగలు ఆనిస్తుంది. ముల్లు కదిలితే చిన్నపిల్లలా నవ్వుతుంది. ఆ చేతులతోనే చాయ్ కప్పు పట్టుకుంటుంది, స్విచ్చి వేస్తుంది, పిల్ల బుగ్గ గిల్లుతుంది. మా ఇంట్లో స్విచ్చిబోర్డుల చుట్టూ బూడిదరంగు మెరుపు ఉండేది. మా ఇంట్లో ఏ వస్తువు ఎవరి చేతిలోకి పోయిందో నాకు తెలియాలి. నా ఖర్చుల పద్దులో పాలు, కూరగాయలు, కరెంటు తర్వాత 'ఆడబిడ్డ పెన్సిళ్ళు' అని విడిగా రాసుకోవలసి వచ్చింది. ఆమె అది చూసి, "మంచిదే వదినా, ప్రభుత్వం గూడ నాకు ఇంత గ్రాంటు ఇయ్యలే" అంది.

ఈ పిచ్చి ఏమిటని ఒకసారి నిలదీశాను. వంటింట్లో పీట మీద కూర్చుని చెప్పింది.

"తునికాకు కట్ట చూసినవు గద వదినా. ఆకు చినగదు. గని ఆకు మీదికెళ్ళి ఆకు జారుతది. పెన్సిల్ల ఉండే గ్రాఫైట్ గూడ గట్లనే. పొర మీద పొర. కాగితం మీద రుద్దితే పై పొరలు జారి కాగితాన్ని పట్టుకుంటయి. ఆ పొరల మీద కరెంటు నడుస్తది."

"కాగితం మీద కరెంటా?"

"అవ్. తీగెందుకు, రేకెందుకు? చుట్టినా నడుస్తది, వంచినా నడుస్తది. చిరిగితే ఇంకోటి రుద్దుకుంటం. పేదోళ్ళ కరెంటు వదినా ఇది."

తర్వాత కొన్నేళ్ళకు, పై దేశంలో ఎవరో శాస్త్రవేత్తలు గ్రాఫైట్ మీద అతుకుడు టేపు వేసి ఒక్కటంటే ఒక్క పొర ఊడదీశారని పత్రికలో వచ్చింది. ఆ రోజు ఫోన్ చేసి, "వదినా, మా పెన్సిలుకు పేరొచ్చింది!" అంది. తన అన్నకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత సంబరపడి ఉండదు.

ఇదంతా ఆటగానే ఉండిపోతే నాకు కోపం వచ్చేది కాదు. ఆటను పనిగా మార్చింది ముత్తమ్మ.

ముత్తమ్మది చర్ల దాటి అడవిలోకి పోతే వచ్చే చిన్న ఊరు. ఆమె కూతురు మా ఆడబిడ్డ దగ్గర ఇంటర్ చదివింది. గోదారి దరిన కొంత చేనులో మిర్చి వేస్తారు. పంట చేతికి వచ్చాక ట్రాక్టరు మీద చర్ల, అక్కడి నుంచి లారీ మీద ఖమ్మం. ఒక ఏడు యార్డు నుంచి తిరిగిపోతూ కూతుర్ని చూడటానికి కాలేజీకి వచ్చి మెట్ల మీద కూలబడింది. మా ఆడబిడ్డ మంచినీళ్ళిచ్చి ఏమైందని అడిగింది.

"కల్లంల గలగలమన్న కాయనే తెచ్చినం మేడమ్. ఖరీదుదారు వచ్చిండు, బస్తాల చెయ్యి పెట్టిండు, పిసికిండు, తేమ అన్నడు. ధర దించిండు. మళ్ళ లారీకెక్కించి ఇంటికి తీస్కపోతనా? ఇచ్చేసిన. ఆయన చెయ్యికి చెమటో, నా కాయకు తేమో ఎవలకెరుక?"

ఆ చివరి మాట మా ఆడబిడ్డను పట్టుకుంది. అదే వారం మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అంది: "వదినా, ఆయన చెయ్యి కంటే ముందు నా కాగితం బస్తాలకు పోవాలె. ఒక్కసారి. నా కండ్ల ముందు."

బతికినన్నాళ్ళూ ఆమె మరేదీ కోరినట్టు నాకు తెలియదు.

కాగితం మీద రెండు నల్ల పట్టీలు రుద్దేది. రెండూ తాకకూడదు. మధ్యలో మిరప గింజ పట్టేంత సందు ఉండాలి. ఒక్కొక్క పట్టీకి ఒక్కొక్క తీగ. ఆ తీగలు ఒక చిన్న అట్టముక్కకు, దాని మీద బ్యాటరీ, రెండు ట్రాన్సిస్టర్లు, గోరంత ఎర్ర దీపం. సందులో ఉన్నది ఒట్టి కాగితమే కనుక కరెంటు దాటలేదు. కాగితం తేమ పీలిస్తే దాటుతుంది, దీపం వెలుగుతుంది. కాగితాన్ని బస్తాలోకి దోపి ఒక చాయ్ తాగినంతసేపు ఆగితే చాలు.

చెప్పినంత తేలిక కాదు. డ్రాయింగ్ కాగితం మొండిది. పెళ్ళిపత్రిక నున్నగా జారుతుంది. "కాగితం తాగాలె వదినా. తాగని కాగితం అబద్ధం చెప్తది" అనేది. చివరకు కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే ముతక కాగితం కుదిరింది. కాయ గలగలమన్నప్పుడు దీపం ఆరిపోవాలి, మెత్తబడితే వెలగాలి. ఆ సరిహద్దు దొరకడానికి రెండు పంటలు పట్టింది.

మొదటి పరీక్ష నా మిరపకాయల మీదే చేసింది. ఏడాదికి సరిపడా కారానికి నేనే ఎండబెట్టి, డబ్బాలో పోసి, మూత బిగించి పెట్టుకున్నవి. కాగితం పెట్టగానే దీపం వెలిగింది.

"నీ కాయలకు చెమట పట్టింది వదినా."

"నీ దీపానికే బుద్ధి లేదు. మూడు ఎండలు చూపించిన."

"మబ్బు పట్టిన ఎండలు గూడ లెక్కల్లో ఏసుకున్నవా?"

తర్వాత కారం పట్టించడానికి గిర్నీకి పట్టుకుపోతే గిర్నీ ఆయన గుప్పిట్లోకి కాయలు తీసుకుని, "అమ్మా, జర మెత్తగున్నయి, ఇంకో ఎండ చూపియ్యి" అన్నాడు. ఈ సంగతి భద్రాచలం దాకా ఎట్లా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు. మరుసటి రోజు ఫోన్‌లో నవ్వు మాత్రం విన్నాను.

ఇక యార్డు సంగతి. అప్పటి అధికారులు ఒక రోజు చూస్తామన్నారు. కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఎంతో పొంగిపోయి తాను కూడా వస్తానన్నారు. కాగితాలన్నీ ముందు రోజు ఆఫీసులో జాగ్రత్తగా పెట్టమని ఆయనకే ఇచ్చింది. యార్డులో బస్తాల మధ్య నిలబడి ప్రిన్సిపాల్ గారు సంచిలోంచి ఆ కట్ట తీసి, "చూడండి మేడమ్, అన్నిటికి లామినేషన్ చేయించిన. ఇగ ఎన్నేండ్లయినా చిరగవు" అన్నారు.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. గోదావరి పొంగి ఇంట్లోకి వచ్చి ట్రంకుపెట్టెలు నానిపోయిన ఊరు భద్రాచలం. కులం సర్టిఫికెట్టు, పదో తరగతి మెమో, పోయినవాళ్ళ ఫోటో, దేవుడి పటం, ఏది విలువైనదైతే దానికి ప్లాస్టిక్ తొడిగిస్తారు. అక్కడ కాగితానికి చేసే మర్యాద అదే. ఆయన మర్యాదే చేశారు. తేమ తాగవలసిన కాగితానికి, తీగలు అతికించిన కొసలతో సహా, గాలి చొరకుండా ప్లాస్టిక్ కప్పించారు.

నేను నోరు తెరిచాను. ఆమె నా చేయి నొక్కింది. ఆ కాగితాలు తీసుకుంది, ఒక బస్తాలోకి దోపింది. ఖరీదుదారు తెల్లచొక్కా చేతులు మడిచి, నీళ్ళ సీసా తెప్పించి, అందరి ముందూ ఆ బస్తా మీద చల్లించాడు. చాయ్ తాగినంతసేపూ గడిచింది. దీపం వెలగలేదు.

"మంచి కాగితం మేడమ్" అన్నాడాయన. "నీళ్ళల్ల ముంచినా ఎండిందనే అంటది. రైతులకు బాగ పనికొస్తది."

వరుస వరుసంతా నవ్వింది. రైతులు కూడా నవ్వారు. ముత్తమ్మ మాత్రం తన బస్తా మూతి కుట్టుకుంటూ తల ఎత్తలేదు. ఆ ఏడు కూడా ఆమె కాయకు తేమ ఉందనే అన్నారు.

ఆటోలో నేను ఊరుకోలేదు.

"ఒక్క మాట. ప్లాస్టిక్ కప్పింది, పనిచెయ్యదు అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"ఆయన మొకం ఏమైతుండె వదినా? అంతమందిల?"

"మరి ముత్తమ్మ మొకం?"

ఆమె ఒళ్ళోని ప్లాస్టిక్ కాగితాల కట్టను సంచిలోకి తోసింది. తర్వాత, "వచ్చే పంటకు చూద్దాం" అంది. ఈ 'చూద్దాం' మీదే నా కోపం. పంట మన కోసం ఆగుతుందా? ఆమె ఎవరినీ నొప్పించని మనిషి అని దహనం రోజున పది మంది చెప్పారు. నిజమే. అయితే ఒకరిని నొప్పించకుండా ఉంటే ఆ నొప్పి పక్కవాడి మీద పడుతుందని ఆమె బతికుండగానే లెక్క కట్టి చూపించాను. ఒప్పుకుంది, కానీ మారలేదు.

అంతటితో ఆగితే ఆమె మా ఆడబిడ్డ ఎందుకవుతుంది? ఆ ప్లాస్టిక్ కాగితాలను పారెయ్యలేదు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఒకే అట్టకు రెండు దీపాలు పెట్టి తెచ్చింది. ఒక దీపానికి ప్లాస్టిక్ కప్పని కాగితం, ఇంకో దీపానికి లామినేషన్ చేసిన కాగితం. రెండూ పక్కపక్కన ఒకే బస్తాలో.

"బ్యాటరీ ఉంటే దీపం ఊకెనే ఎలుగుతదని ఎవడన్న అంటే? ఈ తడవని కాగితం సాక్ష్యం. అది ఎలగది, ఇది ఎలుగుతది. ప్రిన్సిపాల్ గారు మంచి పనే చేసిండ్రు వదినా. పోయి దండం పెట్టి వచ్చిన."

దండం పెట్టిందట! నేను గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు మనవరాలు లేచి వచ్చింది.

రెండోసారి అప్పటి అధికారి గదిలోనే చూపించాం. దీపం తడి కాయలకు వెలిగింది, ఎండు కాయలకు ఆరింది. ఆయన తల ఊపి, "బాగుందమ్మా. ఏ కంపెనీది? ముద్ర ఏది?" అన్నాడు.

"కంపెనీ లేదు సార్, పెన్సిల్."

"పెన్సిల్ గీతను నమ్మి ధర ఎట్ల కట్టమంటరు?"

"మీ తక్‌పట్టీ చీటీల ధర రాసేది గూడ కాగితం మీద గీతనే గద సార్" అంది మెల్లగా. తర్వాత ఆమే నొచ్చుకుని, "ముద్ర ఎట్లుండాల్నో చెప్పండి, గీస్తా" అని పెన్సిల్ తీసింది. ఆమె హాస్యానికి అనలేదు. నిజంగానే గీసేది. నేను ఆమె కాలు తొక్కి లేపుకొచ్చాను.

యార్డు కాదన్నా, ముత్తమ్మ ఊరు కాదనలేదు. కాగితాలు సంచిలో వేసుకుని మా ఆడబిడ్డే పోయేది. చర్ల దాకా బస్సు, ఆ తర్వాత దొరికిన బండి. దారిలో పోలీసు క్యాంపు. బ్యాటరీ, తీగలు, దీపం ఉన్న సంచితో ఆ దారిలో పోయే మనిషిని ఎవరైనా ఆపుతారు. చెట్టు కింద కూర్చోబెట్టారు. ఒక కుర్ర కానిస్టేబుల్ దూరం నుంచే, "ఏందమ్మా ఈ తీగలు? నిజం చెప్పు" అన్నాడట.

"ఇటు రా బిడ్డా, చెయ్యి చాపు" అని ఆ కాగితం అతని అరచేతిలో పెట్టింది. దీపం భగ్గుమంది.

"గింత చెమటేంది? నీకే భయమైతున్నట్టుంది గద" అందట. క్యాంపంతా నవ్విందట. చాయ్ ఇచ్చి పంపారట. ఈ కథ ఆమె నవ్వుతూ చెప్పింది, నేను నవ్వకుండా విన్నాను. ఏదైనా జరిగి ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? "రాయి, ఎట్ల చెయ్యాల్నో కాగితం మీద పెట్టు, ఎవరైనా చేసుకుంటరు, నువ్వు తిరగనక్కర్లేదు" అని మొత్తుకున్నాను. "రాస్తా వదినా. ఇంకొక్కసారి సరిచూసి రాస్తా" అనేది.

ఆమె కాగితాలు ఆ ఊళ్ళో కల్లాల్లో నడిచాయి. దీపం వెలిగితే కాయను ఇంకో ఎండకు పరిచేవాళ్ళు. కాయ బూజు పట్టడం తగ్గిందని ముత్తమ్మ చెప్పింది. ఆ సంతోషం మా ఆడబిడ్డకు చాలేది, నాకు చాలలేదు. ఎండు కాయను తీసుకుని వచ్చినా యార్డులో అదే చెయ్యి, అదే పిసుకుడు, అదే మాట. అందుకే నా పాత శిష్యుడి మెట్లెక్కాను. అందుకే ఆ పొద్దున తాళం చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

భద్రాచలంలో ఆమెకు స్నానం చేయించేటప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, అరచేతి అంచు బూడిదరంగులో మెరుస్తున్నాయి. ఇంటామె కుంకుడు రసంతో రుద్దబోయింది. చేతులు కడుక్కోమని జీవితమంతా ఆమెను తిట్టింది నేనే. ఆ రోజు, "అట్లనే ఉండనీ" అన్నాను.

గదిలో వెతికాను. పుస్తకాలు, మీటరు, రెండు దీపాల అట్ట, ప్లాస్టిక్ కాగితాలు, డబ్బా నిండా పట్టుకోవడానికి రానంత పొట్టి పెన్సిళ్ళు, పొట్లాల కాగితం ఒక దస్తా. పద్ధతి రాసిన ముక్క ఒక్కటి కూడా లేదు. ఏడవడానికి ముందు నాకు వచ్చింది మళ్ళీ కోపమే.

దినాల నాడు ముత్తమ్మ వచ్చింది. వెదురు గంపలో కాసిన్ని మిరపకాయలు తెచ్చి ఫోటో ముందు పెట్టింది. ఫోటోకు లామినేషన్ ఉంది. ప్రిన్సిపాల్ గారే చేయించి తెచ్చారు. ముత్తమ్మ నా పక్కన కూర్చుంది.

"మేడమ్ ఇచ్చిన కాగితాలు నలిగిపోయినయమ్మా. నా బిడ్డ అత్తగారింటికాడ ఉండె, దానికి గూడ గీసుడు రాదు. ఇగ ఎవలు గీస్తరు?"

"నేను గీస్త" అన్నాను. అన్నాక, నాకు రాదని గుర్తొచ్చింది.

ఆమె సామానుతో ఇంటికొచ్చి, స్కేలు పెట్టి, పెన్సిల్ చెక్కి, రెండు పట్టీలు గీశాను. అంత నీటైన గీతలు ఆమె జన్మలో గీయలేదు. మీటరు ముల్లు కదల్లేదు. ఇంకా సన్నగా, ఇంకా తిన్నగా గీశాను. కదల్లేదు. కాగితం నలిపి విసిరేసి, ఎదురుగా ఆమె ఉన్నట్టే తిట్టాను. తిడుతుంటేనే, ఎప్పుడో వంటింట్లో పీట మీద కూర్చుని ఆమె అన్న మాట గుర్తొచ్చింది. "గీత కాదు వదినా, పూత. నువ్వు ముగ్గేస్తున్నవు. ముగ్గెయ్యకు, అలుకు."

స్కేలు పక్కన పెట్టాను. వాకిలి అలికినట్టు అటూ ఇటూ, మళ్ళీ అటూ ఇటూ, కాగితం మెరిసేదాకా రుద్దాను. మిరప గింజ ఒకటి తీసి సందులో పెట్టి చూసుకున్నాను. పట్టీ రెండు కొసలకు తీగలు ఆనించగానే మీటరు ముల్లు లేచింది. నా జీవితంలో అంత అడ్డదిడ్డమైన పని చేసి ఎన్నడూ సంతోషపడలేదు. సగం కాగితాలు పాడయ్యాయి. పాడైనవాటికి కూడా లెక్క రాశాను, ఎందుకు పాడయ్యాయో పక్కన రాశాను. ఆమె రాయని పద్ధతి ఇప్పుడు రాతలో ఉంది. కావలసినవారు అడిగితే ఇస్తాను.

పంట యార్డుకు వచ్చే వేళకు మళ్ళీ నా శిష్యుడి దగ్గరికి పోయాను. అంతా విని, "టీచర్, రూల్స్‌ల లేంది నేను చెయ్యమని చెప్పలేను" అన్నాడు. నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "పెట్టుకోవద్దని గూడ ఎక్కడ లేదు" అన్నాడు. ఇంత చదువు చెప్పింది ఈ జవాబు కోసమా అనిపించింది. అయినా అది పట్టుకుని బయటికొచ్చాను.

ముత్తమ్మ బస్తాలు వరుసలో ఉన్నాయి. ఖరీదుదారు ఇంకా అవతలి కొసన ఉన్నాడు. నేను రుద్దిన కాగితం, దాని పక్కన ప్రిన్సిపాల్ గారి ప్లాస్టిక్ కాగితం, రెండూ బస్తాలోకి దోపాం. చాయ్ తెప్పించుకుని తాగాం. దీపాలు రెండూ ఆరే ఉన్నాయి.

పక్క వరుస రైతు తొంగిచూశాడు. "ఏందమ్మా, కరాబైందా?"

ముత్తమ్మ కాగితం బయటికి లాగి, వేలు నాలుకకు తడి చేసి ఒక కొసన అంటించింది. ఎర్ర దీపం వెలిగింది. గాలికి తడి ఆరింది, దీపం ఆరింది. మళ్ళీ బస్తాలో దోపింది. వెలగలేదు.

"దీపం ఎలగకపోవుడు గూడ ఒక జవాబే అంటుండె మేడమ్" అంది ముత్తమ్మ ఆ రైతుతో.

ఖరీదుదారు వచ్చేసరికి మా బస్తా చుట్టూ మనుషులున్నారు. అదే తెల్లచొక్కా. నన్ను గుర్తుపట్టాడు. "మళ్ళ అదే కాగితమా? ఆ మేడమ్ రాలేదా?" అన్నాడు.

"రాలేదు" అన్నాను.

ఆయన బస్తాలో చెయ్యి పెట్టాడు. కాయ పిసికాడు. అది గలగలమన్నది, అందరికీ వినిపించింది. చేతికి అడ్డం వచ్చిన కాగితాన్ని పట్టి బయటికి లాగి పక్కన పడేశాడు. "తేమ" అన్నాడు.

ఆ మాటకు ఆయన వైపు ఎవరూ చూడలేదు. అందరూ వెలగని దీపం వైపే చూస్తున్నారు. ఆయన ఇంకొకసారి, ఈసారి కొంచెం మెల్లగా, "కొద్దిగ" అన్నాడు. ధర మాత్రం పైసా పెంచలేదు. నేను ఆయనతో చాలాసేపు వాదించాను. నా గొంతు పోయిందే తప్ప తక్‌పట్టీ మీద అంకె మారలేదు. ఆయన చెయ్యి కంటే ముందు కాగితం బస్తాలోకి పోయింది. ఆమె కళ్ళ ముందు మాత్రం పోలేదు.

పక్క వరుస రైతు కింద పడ్డ కాగితాన్ని తీసి దుమ్ము దులిపాడు. "అమ్మా, గిది జర నా బస్తాల గూడ పెట్టి చూస్తరా, ఆయన వచ్చేలోపట?" అన్నాడు.

పెట్టాను. పెడుతూ తల ఎత్తి చూశాను. ఖరీదుదారు తన వేళ్ళ వైపు చూసుకుంటున్నాడు. కాగితం లాగినప్పుడు పూత ఆయన వేళ్ళకు అంటింది. చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. అది ఇంకా పరుచుకుంది. విసుగ్గా మిగతా వరుస వైపు నడిచాడు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. బస్తా బస్తా దగ్గర ఆగుతూ ఆయన దూరంగా పోతుంటే, మా ఇంటి స్విచ్చిబోర్డుల చుట్టూ ఉండే ఆ బూడిదరంగు మెరుపు, తెల్లచొక్కా మీద ఎండకు కనిపిస్తూనే ఉంది.